పొల్లు

మా బడి గోడకి అవతల సముద్రం.
మొదటి పీరియడ్‌లో నేను సుద్దముక్క ముట్టను.
కళ్ళు మూసుకోండర్రా, అంటాను,
ఏం వినిపిస్తే అది చెప్పండి.

కెరటం, అంటారు అందరూ.
అది లెక్కలోకి రాదు, పుట్టినప్పటినుంచీ వింటున్నదే.
నేవీ వాళ్ళ హెలికాప్టర్.
వల బాగుచేస్తూ ఎవరిదో దగ్గు.
ఆఖర్న గరికిన బంగారి అంటుంది:
"మా సిన్నాన్న బోటొచ్చీసింది టీచర్. ఇంజను సప్పుడు."
బోటు ఇంకా ఎవరికీ కనపడదు.

రెండో తరగతి, ఇరవై ఆరు మంది.
నేల మీద మూడు గళ్ళు గీసి
తలా మూడు గవ్వలు ఇస్తాను.
శబ్దానికి ఒక గవ్వ గడిలోకి జరపాలి.
'నెట్' అంటాను.
ఎల్లాజీ నాలుగో గవ్వ అడుగుతాడు.
ఆఖర్న ఉ ఉంది గదా టీచర్, నెట్టు.

ఉంది మరి.
మన నోట్లో మాటకి తలుపు వేసే అలవాటు లేదు.
బస్సు, బోటు, ఐసు, డీజిలు,
వచ్చిన ప్రతి పరాయి మాటకీ
చివర ఒక అచ్చు పీట వేసి కూర్చోబెడతాం.
కొన్నిటికి గుమ్మంలోనే: ఇస్కూలు, ఇస్టాండు.
ఆ మర్యాద మానమని చెప్పడం
నా ఉద్యోగం.

క అంటే మనకి ఒకటే ముక్క.
దాన్ని విరిచి చూపించాలి,
రొయ్య తల విరిచినట్టు,
క్ ఒకవైపు, అ ఒకవైపు.
చిన్నప్పుడు పొల్లు అంటే
తాలు గింజ అనుకునేదాన్ని,
లోపల ఏమీ లేనిదని.
ఈ భాష ఆ తాలుతోనే అన్నం వండుకుంటుంది.

నాకిలా ఎవరూ నేర్పలేదు.
సి ఏ టి క్యాట్, ఆర్ ఏ టి ర్యాట్,
ఎక్కాల్లాగా ఊగుతూ వల్లించాం.
కొత్త మాట పుస్తకంలో ఎదురైతే
దాని పేరు ఎవరైనా చెప్పేదాకా
పలకరించలేకపోయేదాన్ని.
డిగ్రీ దాకా అలా తల దించుకునే నడిచాను.

'షిప్' నాడు గొడవైంది.
అక్షరాలు నాలుగు, గవ్వలు మూడే.
ఒక్క గడిలో ఇద్దరా, అన్నాడు ఎల్లాజీ.
బంగారి వాడికేసి జాలిగా చూసింది:
"తెప్ప మీద ఇద్దరెల్తారు గదరా.
లెక్కెట్టినపుడు తెప్పొక్కటే."
నాకిచ్చిన ట్రైనింగ్‌లో ఈ వాక్యం లేదు.

జడ్ కోసం ఎండుచేపల దగ్గరికి
నడిపించుకెళ్ళాను, ఈగల్ని వినమని.
నాలుక పళ్ళ వెనకాల వణకాలి, అన్నాను.
ఇరవై ఆరు ఈగలు బడికి తిరిగొచ్చాయి.
హెడ్మాస్టారు గదిలోంచి బయటికొచ్చి చూశారు.

చెప్పొద్దూ, అందరికీ రాలేదు.
దేముడు ఆగస్టులో మానేశాడు,
వాళ్ళ నాన్న పారాదీప్ బోటెక్కితే ఇల్లంతా కదిలింది.
వాడి మూడు గవ్వలు నా సొరుగులో ఉన్నాయి.
ఇంకో నలుగురు బొమ్మ చూసి చదువుతారు,
'కప్' దగ్గర ధీమాగా టీ అంటారు.

నిన్న బడి విడిచాక బీచ్ రోడ్డు మీద,
ఊరి పేరు నిలువెత్తు అక్షరాల్లో పెట్టి
జనం ఫోటోలు దిగే చోట,
బంగారి ఒక్కతే నిలబడింది.
పెదాలు కదులుతున్నాయి.
వ్. ఇ.
ఈగ.
ఆ. గ్.
చివర ఉ లేదు.
నా ఒళ్ళు జలదరించింది.

మళ్ళీ కలిపి గట్టిగా చదివింది, విజాగ్.
ఈగ ఈగలాగే మోగింది.
తిరిగి నన్ను చూసి అడిగింది:
"ఈ ఊరెక్కడుంది టీచర్?"

మనూరేనే, అన్నాను. వైజాగ్.

అక్షరాల దగ్గరికి వెళ్ళింది.
ఒక్కోదాని మీదా చెయ్యి పెట్టి,
వెనక్కి కూడా తొంగి చూసి,
"మరి వై ఏదీ?" అంది.

ఫోటో కోసం పక్కకి జరగమని ఎవరో కేకేశారు.
నేనూ వెతుకుతున్నాను.